డ్రైవర్ల గది

మూడు రాష్ట్రాల్లో నర్సింలుకు తెలియని లాడ్జి లేదు. షిర్డీలో ఏ లాడ్జిలో వేడినీళ్ళు తెల్లారకముందే అయిపోతాయో, తుల్జాపూర్‌లో ఏ లాడ్జి మెట్లు ముసలివాళ్ళు ఎక్కలేరో, ఎక్కడ ఒక గది చూపించి ఇంకో గది తాళం చేతిలో పెడతారో అన్నీ చెప్పగలడు. కాకపోతే వాటిలో ఒక్కదాంట్లోనూ అతను పడుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా బాన్సువాడ నుంచి యాత్రలకు బండి నడిపాడు. బండెక్కిన సవారీలు లాడ్జిలో దిగేవారు. డ్రైవర్ బండిలో ఉండేవాడు.

బండిలో పడుకోవడం నేర్చుకోవాల్సిన పనే. సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు డ్యాష్‌బోర్డు మీదికి చాపి, అద్దం వేలెడంత దించుకోవాలి. ఎక్కువ దించితే దోమలు, తక్కువ దించితే ఉక్క. స్నానం పెట్రోల్ బంకు వెనక నల్లా దగ్గర. ఉతికిన బనీను వైపర్ మీద ఆరేసుకోవాలి. పొద్దున్నే సవారీలు తలస్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, "ఏం నర్సింలూ, మంచిగ పండుకున్నవా?" అని అడిగేవారు. మర్యాదకు అడిగే మాట కాబట్టి అతనూ మర్యాదగా, "మంచిగనే పండుకున్న" అనేవాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు నడుం పట్టుకుని తిరిగేవాడు. భార్య గంగామణి నూనె కాచి రాస్తూ, "దేవుని దగ్గరికి పొయ్యొచ్చినోళ్ళంత మంచిగున్నరు. తీస్కపోయినోడే గిట్లయిండు" అనేది.

ఒకసారి పంఢర్‌పూర్ నుంచి తిరిగొస్తుంటే, మద్నూర్ ఇంకా రాకముందే, మిట్టమధ్యాహ్నం పూట బండి రోడ్డు దిగి చెరుకు తోటలోకి వెళ్ళి ఆగింది. తోట దట్టంగా ఉండడం వల్ల బండి మెత్తగానే ఆగింది. వెనక సీటులోని పెద్దాయనకు మోచెయ్యి విరిగింది. మిగతావాళ్ళకు గీతలు. నర్సింలు కిందికి దిగి, చేతులు కట్టుకుని, అందరి ముందూ ఉన్నమాట చెప్పాడు.

"నాకు కన్నంటుకున్నది. తప్పు నాదే."

సవారీలు ఒప్పుకోలేదు. దేవుడి దర్శనం చేసుకుని వస్తున్న బండిలో డ్రైవర్ నిద్రపోయాడంటే వాళ్ళకు బాగా అనిపించలేదు. "ఏదో అడ్డమొచ్చుంటది" అని ఒకరన్నారు. "పంది" అని ఇంకొకరన్నారు. దవాఖానకు చేరేసరికి అది అడవిపంది అయింది. బాన్సువాడ చేరేసరికి పందుల మంద అయింది. చెయ్యి విరిగిన పెద్దాయన కట్టు కట్టించుకుంటూ, పందులను తాను కళ్ళారా చూశానని చెప్పాడు. బండి రోడ్డు దిగినప్పుడు ఆయన కూడా నిద్రలోనే ఉన్నాడు.

నర్సింలు మాట నమ్మింది ఒక్కడే, తోట రైతు. ఆయన వచ్చి, విరిగిన చెరుకును చూసి, చక్రాల గుర్తులు చూసి, నర్సింలు కళ్ళలోకి చూసి, "ఝోప్ లాగ్లీ కా?" అని మరాఠీలో అడిగాడు. నిద్రపట్టిందా అని. నర్సింలు తలూపాడు. రైతు వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చి నర్సింలు ఇక బండి నడపనన్నాడు.

"పందులు అడ్డమొచ్చినయంట గద. నువ్వెందుకు మానేసుడు?" అంది గంగామణి.

"గా పందులు మళ్ళ వస్తయ్" అన్నాడు నర్సింలు.

అదే సంవత్సరం శివప్రసాద్ లాడ్జి కట్టడం మొదలుపెట్టాడు. శివప్రసాద్ వాళ్ళ తాత కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూమి కొని, అట్లా వచ్చిన రైతుల క్యాంపులో స్థిరపడినవాడు. శివప్రసాద్ పుట్టింది, పెరిగింది, రైసుమిల్లు పెట్టింది అంతా బాన్సువాడలోనే. యాస మాత్రం తాత దగ్గరిదే మిగిలింది. నిజాంసాగర్ డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడల్లా జనం బళ్ళు కట్టుకుని రావడం, నీళ్ళ ముందు నిలబడి ఫోటోలు దిగడం, చేపల వేపుడు తినడం, పడుకోవడానికి చోటు లేక చీకటి పడకముందే వెళ్ళిపోవడం ఆయన చాలా ఏళ్ళుగా చూస్తున్నాడు. వీళ్ళను ఒక్క పూట ఆపగలిగితే బాగుంటుందనిపించింది. నిజాంసాగర్ రోడ్డు మీద, కాలువ పక్కన, పన్నెండు గదులు లేపాడు.

కూతురు యశస్వి హైదరాబాద్‌లో హోటల్ కోర్సు చదివి, అక్కడే ఒక పెద్ద హోటల్లో కొన్నాళ్ళు పనిచేసి, తండ్రికి తోడుగా వచ్చింది. "లాడ్జి అనొద్దు నాన్నా. లాడ్జి అంటే ఫ్యామిలీలు రారు" అని 'జలసిరి స్టే' అని బోర్డు రాయించింది. బాన్సువాడలో అందరూ దాన్ని ప్రసాద్ సేటు లాడ్జి అన్నారు.

మేనేజర్ ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు శివప్రసాద్‌కు నర్సింలు గుర్తొచ్చాడు. "ఇన్ని లాడ్జీలు చూసినవాడివి. నీకంటే ఎవరికి తెలుస్తుందయ్యా" అన్నాడు.

"బయట నుంచే చూసిన సారూ."

శివప్రసాద్ దాన్ని వినయం అనుకున్నాడు. నర్సింలుకు మేనేజర్ పని, గంగామణికి వంటపని, ఇద్దరికీ వెనకాల ఒక గది కుదిరాయి.

యశస్వికి ఈ లాడ్జి బాధ్యతగా నడవాలని పట్టుదల. వచ్చేవాళ్ళు బాగుండాలి, పనిచేసేవాళ్ళు బాగుండాలి, చుట్టుపక్కల ఊళ్ళూ బాగుండాలి అనేది. పనివాళ్ళకు వారానికో సెలవు పెట్టింది. ఆ సెలవుతో ఏం చెయ్యాలో తెలియక మొదట్లో వాళ్ళు లాడ్జికే వచ్చి కూర్చునేవారు. ప్లాస్టిక్ సీసాలు వద్దని గదుల్లో రాగి చెంబులు పెట్టింది. కొన్ని చెంబులు అతిథులతో పాటు వెళ్ళిపోయాక స్టీలు చెంబులు పెట్టింది. బాత్రూముల్లో 'నీటిని పొదుపుగా వాడండి' అని చిన్న బోర్డులు తగిలించింది. ఆ బాత్రూముల కిటికీ తెరిస్తే కాలువ నిండుగా పారుతూ కనిపించేది. కూరగాయలు పక్క తండా వాళ్ళ దగ్గరే, బేరం ఆడకుండా కొనాలంది. తండా నుంచి వచ్చే సోనాబాయి, చెప్పిన ధరకు మాట్లాడకుండా కొనేసరికి, తక్కువ చెప్పానేమోనని వారమంతా మనసు పాడుచేసుకుంది.

లాడ్జి తెరవడానికి ముందు నర్సింలు ఒకసారి అంతా తిరిగి చూశాడు. గదులు, జనరేటర్ షెడ్డు, వాచ్‌మన్ గది, పూజగది, పిల్లలకు ఉయ్యాల. అన్నీ చూసి శివప్రసాద్ దగ్గరికి వచ్చాడు.

"సారూ, డ్రైవర్లు ఏడ పండుకోవాలె?"

"బండిలో పడుకుంటారుగా."

"బండ్ల ఎందుకు పండుకుంటరు?"

శివప్రసాద్ ఈ ప్రశ్న ఎప్పుడూ వినలేదు. కాస్త ఆలోచించి, "బండికి కాపలా ఉండాలి కదయ్యా" అన్నాడు.

"మనకు వాచ్‌మన్ ఉన్నడు. గేటున్నది. కెమెరా గూడ పెట్టిస్తున్నరు."

"వాళ్ళకి అదే అలవాటు నర్సింలూ. మంచం వేస్తే నిద్రపట్టదు."

"నాకు ఇరవై ఏండ్ల అలవాటు సారూ. ఇంటికివోయి మంచం మీద ఒరిగితే నిద్ర పట్టనిది ఒక్క దినం లేదు."

పక్కనే గోడకు రంగు చూస్తున్న యశస్వి ఇటు తిరిగింది. "నాన్నా, అంకుల్ చెప్పింది కరెక్టు. నేను పనిచేసిన హోటల్లో కూడా డ్రైవర్లు బేస్‌మెంట్‌లో కార్లలోనే పడుకునేవారు. నేను రోజూ వాళ్ళ పక్కనుంచే వెళ్ళేదాన్ని."

"నువ్వు నీళ్ళన్నావు, ప్లాస్టిక్ అన్నావు. డ్రైవర్లని అనలేదు."

"ఇప్పుడంటున్నా."

సిమెంటు బస్తాలు పెట్టిన కొట్టు ఖాళీ చేసి, నాలుగు మంచాలు, రెండు ఫ్యాన్లు, కిటికీలకు జాలీ, పక్కనే బాత్రూము ఏర్పాటు చేశారు. బాత్రూములో గీజర్ పెట్టాలని నర్సింలు అన్నప్పుడు మాత్రం శివప్రసాద్ ఆగిపోయాడు.

"గీజర్ కూడానా?"

"చలికాలం డ్రైవర్లకు గూడ వస్తది సారూ."

గీజర్ వచ్చింది. తలుపు మీద 'డ్రైవర్ల గది' అని రాయించారు.

తరువాతి సంగతి కమీషన్. సవారీలను తెచ్చిన డ్రైవర్‌కు లాడ్జి వాళ్ళు ఎంతో కొంత చేతిలో పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. అది సవారీల కిరాయి మీదే పడుతుంది, వాళ్ళకు తెలియదు. నర్సింలు అది వద్దన్నాడు. సవారీలకు ఉన్న కిరాయి చెబుదాం, డ్రైవర్‌కు మంచం, వేడినీళ్ళు, సవారీలు తినే భోజనమే ఇద్దాం అన్నాడు. యశస్వికి అది న్యాయంగా తోచింది. శివప్రసాద్‌కు పొదుపుగా తోచింది. ఈ ఒక్క విషయంలో ముగ్గురూ తలా ఒక కారణంతో ఏకమయ్యారు.

లాడ్జి తెరిచారు. డ్రైవర్లు వచ్చి, కౌంటర్ దగ్గర వంగి, "మాకేమిస్తరన్నా?" అని మెల్లగా అడిగేవారు.

"మంచం."

"మంచమంటే ఎంత?"

"ఎంతేంది? మంచమే. ఫ్యాన్ కింద. పోయి పండుకో."

వాళ్ళు నర్సింలును ఎగాదిగా చూసి, సవారీలతో, "ఇక్కడ మంచిగ లేదు సార్, దోమలు" అని చెప్పి, బస్టాండు వైపు లాడ్జీలకు తీసుకుపోయేవారు. నెలలు గడిచాయి. శివప్రసాద్ సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, గోడకు వేలాడుతున్న తాళం చెవులను చూసి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు అన్నాడు.

"అందరూ ఇచ్చేదే కదయ్యా. మనమూ ఇచ్చేద్దాం."

"జర ఆగుండ్రి సారూ."

"ఎంతవరకు?"

"నడుం నొప్పి ఉన్నోళ్ళకు ఎరుకయ్యేదాంక."

మొదటగా ఎరుకైంది మోతీరాంకు. మద్నూర్ దగ్గరి తండా అతనిది. నాందేడ్, హైదరాబాద్, షిర్డీ అంటూ ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటాడు. ఒకసారి సవారీలు పట్టుబట్టి జలసిరిలో దిగడంతో, వేరే దారి లేక, మంచం మీద పడుకున్నాడు. తెల్లారి లేచి, తల పైన స్టీరింగ్ కనబడక, ఎక్కడున్నాడో తెలియక కాసేపు భయపడ్డాడు. వేడినీళ్ళు పోసుకుని, గంగామణి వడ్డించిన జొన్నరొట్టె, పప్పు తిన్నాడు. పోయేముందు నర్సింలు దగ్గరికొచ్చి, "అన్నా, నిజంగనే ఏం లేదా?" అని అడిగాడు.

"ఏం లేదు."

"మల్ల ఎందుకు పెట్టిండ్రు?"

"పండుకుంటందుకు."

మోతీరాం ఆ మాటను హైవే మీద టీ కొట్ల దగ్గర ఎట్లా చెప్పాడో గానీ, ఆ తరువాత డ్రైవర్లు ఒకరొకరే రాసాగారు. నర్సింలు కొన్నాళ్ళకు గమనించిన సంగతి ఏమిటంటే, నలభై దాటినవాళ్ళంతా జలసిరికి వస్తున్నారు, నలభై లోపువాళ్ళంతా కమీషన్ ఇచ్చే చోటికి పోతున్నారు. యశస్వి ఇది విని, పెద్ద డ్రైవర్లను పెట్టుకునేవాళ్ళు నెమ్మదిగా పోవాలనుకునే ఫ్యామిలీలే కదా, మనకు కావలసింది వాళ్ళేగా అంది. శివప్రసాద్ మాత్రం, వీళ్ళంతా రిటైరైపోతే ఎట్లా అని దిగులుపడ్డాడు. డ్రైవర్లకు నలభై రావడం ఆగదని నర్సింలు ఆయనకు ధైర్యం చెప్పాడు.

ఆ ఎండాకాలం మోతీరాం ఒక కుటుంబాన్ని తీసుకుని పొద్దున పూట వచ్చాడు. హైదరాబాద్ ఆయన, భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు. షిర్డీ నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చారు. అంతకు ముందు రోజు ఎల్లోరా తిరిగారు. స్నానాలు చేసి, భోజనం చేసి, డ్యామ్ చూసి, సాయంత్రానికల్లా హైదరాబాద్‌లో ఒక రిసెప్షన్‌కు అందుకోవాలి. ఆయన బంగారు ఫ్రేము కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఈ కార్యక్రమమంతా చెబుతుంటే నర్సింలు వినడం లేదు. మోతీరాం కళ్ళు చూస్తున్నాడు. అవి ఎర్రగా, తడిగా, దేన్నీ చూడకుండా తెరుచుకుని ఉన్నాయి.

"ఎప్పటికెల్లి నడుపుతున్నవ్?" అని పక్కకు పిలిచి అడిగాడు.

మోతీరాం లెక్కపెట్టబోయి మానేశాడు. "జర ఒరుగుతనన్నా. సవారీలు తయారైతే లేపు."

"ఫోన్ ఇటియ్యి. మోగితే నిద్ర చెడుతది."

మోతీరాం ఫోనిచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడిపోయాడు. నర్సింలే చెప్పులు తీసి కింద పెట్టాడు.

హైదరాబాద్ ఆయన అనుకున్నదానికంటే త్వరగా తయారయ్యాడు. భోజనం ముగించి, చేతులు తుడుచుకుంటూ కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"మా డ్రైవర్ ఎక్కడ?"

"పండుకున్నడు సార్."

"లేపండి."

"ఇప్పుడే పండుకున్నడు."

"అందుకే లేపమంటున్నా. ఎక్కువసేపు పడుకుంటే మత్తుగా ఉంటుంది."

"నిద్రవోయినోన్ని లేపుడు మా లాడ్జిల లేదు సార్."

"అదేం రూలు?"

ఆ రూలు నర్సింలుకు అప్పుడే తట్టింది. "ఉన్నది సార్" అన్నాడు.

ఆయన ఇక మాట్లాడకుండా జేబులోంచి ఫోన్ తీసి మోతీరాంకు కలిపాడు. అది నర్సింలు చొక్కా జేబులో మోగింది. హిందీ పాట ఒకటి, చాలా గట్టిగా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ అది పూర్తయ్యేదాకా విన్నారు.

"మీ ఓనర్‌ను పిలవండి" అన్నాడు ఆయన.

శివప్రసాద్ మిల్లు నుంచి, తవుడు అంటిన చొక్కాతోనే వచ్చాడు. ఆయన వచ్చేసరికి హైదరాబాద్ ఆయన గొంతు రోడ్డు దాకా వినిపిస్తోంది. బండి తను మాట్లాడుకున్నది, డబ్బు తనది, డ్రైవర్ తను కుదుర్చుకున్నవాడు, మధ్యలో లాడ్జివాడి పెత్తనమేమిటి, తనకు పెద్దపెద్దవాళ్ళు తెలుసు, ఈ లాడ్జి సంగతి అందరికీ తెలిసేలా రాస్తాను అంటున్నాడు. వీటిలో చాలావరకు నిజమేనని శివప్రసాద్‌కు అనిపించింది. నర్సింలును పక్కకు తీసుకెళ్ళాడు.

"లేపెయ్యవయ్యా. మనకెందుకీ గొడవ?"

"లేపుత సారూ. లేపినంక మీరు గూడ ఆ బండ్ల కూసోని హైదరాబాద్ దాంక పోయిరాండ్రి."

"నేనే లేపుతాలే" అని శివప్రసాద్ డ్రైవర్ల గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

మోతీరాం నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఫ్యాన్ తిరుగుతోంది. శివప్రసాద్ దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వెయ్యబోతూ, మంచం చివర ఏదో కదిలినట్టనిపించి అటు చూశాడు. మోతీరాం కుడికాలు ఉండి ఉండి కిందికి నొక్కుకుంటోంది. కొంచెం సేపు ఊరుకుంటుంది, మళ్ళీ గబుక్కున నొక్కుతుంది. నిద్రలో బ్రేకు వేస్తున్నాడని శివప్రసాద్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా ఆయన ఆ కాలును చూస్తూ నిలబడ్డాడు. తరువాత చప్పుడు కాకుండా బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, హైదరాబాద్ ఆయన ముందు చేతులు జోడించాడు.

"సార్, మా దగ్గర ఆ రూలు ఉందండి."

ఆయన మళ్ళీ మొదలుపెట్టేలోపు వెనకనుంచి ఆయన తల్లి మాట్లాడింది. ఆమె ఇందాకటి నుంచి సోఫాలో కూర్చుని అన్నీ వింటోంది.

"ఒరేయ్, పొద్దున ఆ అబ్బాయి రెండుసార్లు ముందున్న లారీని గుద్దబోయాడు. నువ్వు నిద్రలో ఉన్నావు. నేను చూస్తూనే ఉన్నాను. నాకూ నిద్రొస్తోంది. నేను పడుకుంటున్నా." ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కోడలు, పిల్లలు ఆమె వెనకే వెళ్ళారు.

హైదరాబాద్ ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, గేటు వైపు చూస్తూ, కోపంగా కూర్చున్నాడు. కాలువ మీద నుంచి గాలి వస్తోంది. కాసేపటికి కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. మరి కాసేపటికి తల వాలిపోయింది.

నర్సింలు వంటింటి వెనక్కి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. గంగామణి చాయ తెచ్చి పక్కన కూర్చుంది.

"సారు పొమ్మంటడనుకున్న" అన్నాడు.

"పొమ్మంటే పోతుంటిమి" అంది గంగామణి. తరువాత, "జర బాధైతుండె. వంటిల్లు మంచిగున్నది" అంది.

మోతీరాంకు సాయంత్రం నాలుగు దాటాక మెలకువ వచ్చింది. పొద్దు వాలడం చూసి, చెప్పులు లేకుండానే పరుగెత్తుకుంటూ వచ్చి, కుర్చీలో నిద్రపోతున్న సవారీని చూసి, లేపడానికి చెయ్యి చాపాడు. నర్సింలు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. రూలు అందరికీ ఒకటే అన్నాడు. మోతీరాం ఆ సమయాన్ని బండి కడగడానికి వాడుకున్నాడు.

వాళ్ళు డ్యామ్ చూడలేదు. రిసెప్షన్‌కు అందలేదు. క్షేమంగా ఇల్లు చేరారని మోతీరాం మరునాడు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన హైదరాబాద్ దాకా తనతో ఒక్క మాట మాట్లాడలేదని, కానీ దారిలో రెండుచోట్ల చాయకు తానే ఆపమన్నాడని కూడా చెప్పాడు.

వారం తిరగకుండానే హైదరాబాద్ ఆయన, రాస్తానన్న మాట మీద నిలబడ్డాడు. యశస్వి ఫోన్‌లో చదివి వినిపించింది. ఐదు చుక్కలకు ఒకే ఒక్క చుక్క ఇచ్చి ఇలా రాశాడు: 'గదులు శుభ్రంగా ఉన్నాయి. భోజనం చాలా బాగుంది. నీళ్ళ బోర్డులు ఎక్కువ. మేనేజర్ మా డ్రైవర్‌ను నిద్రలేపడానికి ఒప్పుకోలేదు. ఓనర్ కూడా అతన్నే సమర్థించాడు. మా అమ్మ కూడా.'

"భోజనం బాగుందన్నాడు కదా, ఒక్క చుక్కేనా?" అన్నాడు శివప్రసాద్.

దీన్ని ఎట్లాగైనా తీసేయించవచ్చా అని ఆయన అడిగాడు. ఉన్నదే రాశాడు కదా, ఎట్లా తీసేస్తారు అంది యశస్వి. కింద జవాబుగా మాత్రం, 'నిజమే. క్షమించండి. ఇక ముందు కూడా లేపము' అని రాసింది.

ఆ తరువాత లాడ్జి నిండిపోయిందని చెబితే అబద్ధం. ఫోన్లు రావడం మాత్రం మొదలైంది. "మీరు డ్రైవర్‌ను లేపరట కదా?" అని అడిగేవారు. లేపమని నర్సింలు చెప్పేవాడు. కొందరు ఫోన్ పెట్టేసేవారు. కొందరు, ముఖ్యంగా ఆడవాళ్ళు, "అయితే రెండు గదులు ఉంచండి" అనేవారు. ఒకావిడ, మా ఆయనే నడుపుతాడు, ఆయనకు కూడా ఆ రూలు వర్తిస్తుందా అని అడిగింది. నర్సింలు యశస్విని అడిగి, వర్తిస్తుందన్నాడు.

వానలు పడి, నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. బాన్సువాడ రోడ్డంతా బళ్ళే. జలసిరిలో ఒక్క గది ఖాళీ లేదు. ఆ హడావుడిలో టీచరమ్మల బృందం ఒకటి వ్యానులో దిగింది. నర్సింలు సామాన్లు దింపించి, డ్రైవర్ కోసం అటూ ఇటూ చూశాడు. డ్రైవర్ సీటు వైపు నుంచి చుడీదార్‌లో ఒక అమ్మాయి దిగి, చున్నీ సర్దుకుంటూ నిలబడింది.

"డ్రైవర్ ఏడమ్మా?"

"నేనే అన్నా. కృప నా పేరు. మాది మహమ్మద్ నగర్ దిక్కు. బడి వ్యాను నడుపుత. సెలవులల్ల గిట్ల కిరాయిలకు వస్త."

"రా బిడ్డా, నీకు మంచం చూపిస్త" అని నర్సింలు అలవాటు ప్రకారం ముందుకు నడిచాడు. డ్రైవర్ల గది తలుపు తెరిచి, అక్కడే ఆగిపోయాడు. లోపల ముగ్గురు మగవాళ్ళు బనీన్లతో పడుకుని ఉన్నారు. ఒకరు గురక పెడుతున్నారు. నాలుగో మంచం ఖాళీగా ఉంది. నర్సింలు ఆ మంచాన్నీ, వెనక నిలబడిన కృపనూ చూశాడు. డ్రైవర్ల గురించి తనకు తట్టనిది ఏమీ లేదనుకున్నాడు ఇన్నాళ్ళూ.

కృపకు సంగతి అర్థమైంది. "ఫికర్ చెయ్యకన్నా. నేను వ్యాన్లనే పండుకోని, లోపలికెల్లి డోర్లు లాక్ చేస్కుంట" అంది.

"వద్దు" అన్నాడు నర్సింలు. ఆ పూటకు అతను డ్రైవర్ల గదిలో నాలుగో మంచం మీద పడుకున్నాడు. కృప గంగామణి గదిలో పడుకుంది.

తెల్లారి టీచరమ్మలు బయలుదేరాక గంగామణి వంటింట్లోకి యశస్విని, నర్సింలును పిలిచింది.

"గా పిల్ల కిరాయికి వచ్చిన దినం నీళ్ళు తాగదంట. చెంబు పట్టుకపోయి ఇస్తే, వద్దక్కా, మల్ల ఏడికి పోవాలె అన్నది. గీడ బాత్రూమున్నదని చెప్తే నమ్మకుండ పోయి చూసొచ్చింది. చూసొచ్చినంక రెండు చెంబులు తాగింది."

ఆ సాయంత్రం యశస్వి, నర్సింలు కలిసి మిల్లుకు వెళ్ళారు. శివప్రసాద్ వాళ్ళిద్దరూ కలిసి రావడం చూసి, కుర్చీలోంచి లేవకుండానే, "ఇప్పుడేం గది?" అన్నాడు.

యశస్వి చెప్పింది. శివప్రసాద్ అంతా విన్నాడు.

"సరేనమ్మా. కానీ ఆడ డ్రైవరు ఈమె ఒక్కతే కదా. ఒక్కరి కోసం గది కడతామా?"

"పండుకోను జాగ లేకుంటె ఇంకొకామె ఎట్ల వస్తది సారూ?" అన్నాడు నర్సింలు.

గీజర్ కూడానా అని ఈసారి తాను అడగబోవడం లేదని, గదితో పాటు అదీ పెట్టించెయ్యమని శివప్రసాద్ చెప్పాడు.

వంటింటి పక్కన చిన్న గది లేచింది. రెండు మంచాలు, లోపలి నుంచి గట్టి గొళ్ళెం, లోపలే బాత్రూము. కృప దసరా సెలవుల్లో వచ్చింది, తరువాత క్రిస్మస్‌కు మెదక్ చర్చికి జనాన్ని తీసుకెళ్తూ దారి చుట్టూ తిప్పుకుని మరీ వచ్చింది. నాందేడ్ నుంచి ఒకామె ఒకసారి వచ్చి, తెలుగు రాకపోయినా గంగామణితో చాలాసేపు మాట్లాడి వెళ్ళింది. మిగతా రోజుల్లో ఆ గది ఖాళీగా ఉంటుంది. శివప్రసాద్ ఒకసారి అందులో గోనెసంచులు పెట్టించబోయాడు. అప్పటి నుంచి తాళంచెవి గంగామణి కొంగున ఉంటోంది.

మొన్న మళ్ళీ గేట్లు ఎత్తినప్పుడు లాడ్జి కిటకిటలాడింది. చోటు దొరకని శివప్రసాద్ బంధువు ఒకాయన వంటింటి దాకా వచ్చి, పక్క గది చూపిస్తూ, "అది ఖాళీగానే ఉందిగా, ఇవ్వొచ్చు కదమ్మా" అన్నాడు.

గంగామణి పెనం మీది రొట్టె తిప్పింది. "ఖాళీ లేదు సార్. డ్రైవర్ ఇంకా రాలే."

"ఎవరా డ్రైవరు?"

"ఇంకా ఎరుకలే" అని గంగామణి ఇంకో రొట్టె చరచడం మొదలుపెట్టింది.